పదకొండో మెట్టు మీది ప్రశ్న

ప్రముఖులు దానధర్మాల కోసం టెలివిజన్‌లో క్విజ్ ఆడటం ఒక తెలుగు శాఖ పత్రికలో చర్చించదగ్గ విషయమేనా అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. ప్రశ్న, జవాబు అన్నవి మన భాషలో పొడుపుకథ దగ్గరనుంచి అవధానం దాకా పెరిగిన రూపాలు. అవి తెరమీదికి ఎక్కాక ఏమయ్యాయో చూడటం మన పనే. పైగా ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా పరిశీలించదలచుకున్న ప్రసారంలో ఆ కుర్చీలో కూర్చున్న మనిషి కోలారు బంగారు గనుల్లో పుట్టిన తెలుగువాడు. ఈ రెండు కారణాలూ చాలునని మా నమ్మకం.

ముందు ఆట పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చెప్పుకుందాం. బ్రిటన్‌లో 1998 సెప్టెంబరు 4న ఐటీవీలో ‘హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్’ మొదలైంది. మన దేశానికి అది 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో అమితాబ్ బచ్చన్ వ్యాఖ్యాతగా ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ పేరుతో వచ్చింది. ఆ తరువాత పన్నెండేళ్ళకు దక్షిణాది భాషలు వరసగా దాన్ని తమ ఇళ్ళలోకి తెచ్చుకున్నాయి. 2012లో తమిళంలో సూర్య, కన్నడంలో పునీత్ రాజ్‌కుమార్, మలయాళంలో సురేశ్ గోపి దాన్ని నడిపారు. 2013లో మరాఠీలో సచిన్ ఖేడేకర్ నడిపారు. తెలుగులో 2014లో నాగార్జునతో మొదలై, 2017లో చిరంజీవి చేతికి, 2021లో మరో ఛానెల్‌లో జూనియర్ ఎన్టీఆర్ చేతికి వచ్చింది. హోసూరులోనో, బళ్ళారిలోనో, షోలాపూరులోనో ఉన్న తెలుగు ఇంట్లో ఒకే ఆట రెండు మూడు భాషల్లో చూసినవాళ్ళుంటారు. ఈ సౌకర్యం, అనండి ఇబ్బంది అనండి, రాష్ట్రం లోపలి తెలుగువారికి లేనిది.

అలా చూసినవాళ్ళకు ముందుగా తట్టేది పేర్లలోని తేడా. తమిళులు ‘నీంగళుం వెల్లలాం ఒరు కోడి’ అన్నారు, అంటే మీరూ ఒక కోటి గెలవవచ్చునని. అందులో ఉన్నది సొమ్ము. మనిషి ఏమవుతాడన్న మాట లేదు. మలయాళులు ‘నింగళ్‌క్కుం ఆకాం కోటీశ్వరన్’ అన్నారు, మీరూ కోటీశ్వరులు కావచ్చునని. కన్నడంవారు ‘కన్నడద కోట్యధిపతి’ అని భాషకు పట్టం కట్టారు. మనవాళ్ళు ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ అని అడిగారు. మిగతా పేర్లలో ఊరింపు ఉంటే ఇందులో ఏరివేత ఉంది. మీలో ఒక్కడే, ఎవడో చెప్పండి అన్నట్టుంటుంది. పైగా అది మహద్వాచకం. ఆడవాళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా తెరమీద ‘డు’జ్ఞే కనిపించేది. 2021లో ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ అని మార్చారు. హక్కుల మార్పిడి వల్లనో, ఛానెల్ మారటం వల్లనో జరిగిన మార్పు కావచ్చు గాని, వ్యాకరణం దృష్ట్యా మంచి మార్పే. బహువచనంలో స్త్రీ పురుషులిద్దరూ ఇముడుతారు.

ప్రముఖుడు వచ్చి కూర్చున్న రోజున మాత్రం ఏ భాషలోనైనా ఈ పేరు అర్థం కోల్పోతుంది. కోటీశ్వరుణ్ణి కూర్చోబెట్టి మీలో ఎవరు కోటీశ్వరుడని అడిగితే జవాబు ప్రశ్నకన్నా ముందే వచ్చేసింది. ఆటకు ప్రాణం ఓడిపోతే ఏమవుతుందన్న భయం. ఇంటి అప్పు, చెల్లెలి పెళ్ళి, పిల్లవాడి ఆపరేషన్ అని చెప్పుకుని వచ్చిన మామూలు మనిషికి ఆ భయం నిజం. సినిమా నటుడికి అది ఉండదు. ఖాళీ అయిన ఆ చోటును పూరించటానికి దాతృత్వం వచ్చింది. గెలిచిన సొమ్ము ఒక ఆసుపత్రికో, అనాథాశ్రమానికో వెళుతుందంటారు. ఓడితే నష్టపోయేది కూడా ఆ ఆసుపత్రే, ఆ ఆశ్రమమే. అంటే పందెం ఆడేది ఒకరు, ఒడ్డేది మరొకరి సొమ్ము. ఈ మాటను కొంచెం మోటుగా చెప్పామేమో గాని, ఆట నిర్మాణం ఇదే.

ఇందులోని ఇబ్బంది నిర్వాహకులకు తెలియకపోలేదు. కాబట్టే ప్రముఖుల ఆటల్లో నియమాలు మెత్తబడతాయి. అమెరికాలో 2000లో వచ్చిన ప్రముఖుల ప్రత్యేక భాగాల్లో మొదటి పది ప్రశ్నలకు తోటి అతిథులు పక్కనుంచి సాయం చెయ్యవచ్చునని వెసులుబాటు ఇచ్చారు. వ్యాఖ్యాత కూడా న్యాయమూర్తి స్థానం వదిలి శ్రేయోభిలాషి అవుతాడు. నార్మ్ మక్‌డొనాల్డ్ అనే హాస్యనటుడు అయిదు లక్షల డాలర్ల దాకా వచ్చి, చివరి ప్రశ్నకు మనసులో ఒక జవాబు పెట్టుకున్నాడు. వ్యాఖ్యాత రీజిస్ ఫిల్బిన్ సాహసం వద్దన్న ధోరణిలో మాట్లాడేసరికి విరమించుకున్నాడు. అతని ఊహే సరైనదని తరువాత తేలింది. నటుడు పాల్ న్యూమన్ స్థాపించిన పిల్లల శిబిరానికి పది లక్షలు రావలసిన చోట అయిదు లక్షలు వెళ్ళాయి. జబ్బు పిల్లల సొమ్ముతో పందెం కాయనివ్వటం వ్యాఖ్యాతకు ఇష్టం లేకపోయింది. అతన్ని తప్పు పట్టలేం. కాని ఆట మాత్రం ఆ క్షణంలో ఆగిపోయింది.

బ్రిటన్‌లో 2006లో ఇంకా విచిత్రం జరిగింది. గృహాలంకరణ కార్యక్రమాలతో పేరు పొందిన లారెన్స్ లూయెలిన్-బోవెన్, ఆయన భార్య జాకీ కలిసి ఆడి పది లక్షల పౌండ్ల ప్రశ్నకు చేరారు. అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆదర్శవాక్యానికి లాటిన్‌నుంచి అనువాదమేమిటని ప్రశ్న. ‘దేవుణ్ణి నమ్ముతాం’ అన్న వాక్యాన్ని వాళ్ళు ఎంచుకున్నారు. ‘అనేకంలోనుంచి ఒకటి’ అన్నది నిర్వాహకుల జవాబు. మొదటిది ఆ దేశపు అధికారిక ఆదర్శవాక్యం, రెండోది లాటిన్‌లో ఉన్నది. అనువాదం అన్న ఒక్క మాట మీద పిల్లల వైద్యాశ్రమానికి 4,68,000 పౌండ్లు తరిగిపోయాయి. ప్రశ్నలో అస్పష్టత ఉందని సంస్థ ఒప్పుకుని, పోయిన సొమ్ము తిరిగి కలిపి, దంపతులను మళ్ళీ పిలిచింది. వాళ్ళు కొత్త ప్రశ్న విని, తలపడకుండా అయిదు లక్షలు తీసుకుని వెళ్ళారు. అనువాద పాఠం చెప్పేవాళ్ళకు ఇది మంచి ఉదాహరణ. మా విద్యార్థులకు చెప్పదగ్గది.

తెలుగు విషయానికి వస్తే, 2021 ఆగస్టు 22న ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ ప్రారంభించినప్పుడు తొలి అతిథి రామ్‌చరణ్. తరువాత రాజమౌళి, కొరటాల శివ జంటగా వచ్చారు. దసరాకు సమంత వచ్చారు, చివరి రోజుల్లో మహేశ్‌బాబు. వ్యాఖ్యాత, తొలి అతిథి కలిసి నటించిన చిత్రం, రాజమౌళి దర్శకత్వం వహించినది, అప్పటికి విడుదల కావలసి ఉంది. ‘ఆర్.ఆర్.ఆర్.’ 2022 మార్చి 25న వచ్చింది. ఈ కలయికకు దురుద్దేశం అంటగట్టనక్కర్లేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ భాగాలను చూసినవారికి గుర్తుండిపోయినవి కబుర్లు. షూటింగుల ముచ్చట్లు, ఇంటి ముచ్చట్లు, పాత స్నేహాలు గుర్తుంటాయి. ప్రశ్నలు గుర్తుండవు. సమంత, మహేశ్‌బాబు ఇద్దరూ 25 లక్షల దగ్గర ఆట ముగించారని అప్పటి పత్రికలు రాశాయి. ఆ అంకె ఎంతమందికి గుర్తుందో గాని, ఏ ప్రశ్నకు ఆగారో చెప్పగలవారు అరుదు.

ఇక్కడ మనకు అవధానం గుర్తుకు రాక మానదు. అష్టావధానంలో పృచ్ఛకులు ఎనిమిదిమంది. సమస్య ఇచ్చేవారు ఒకరు, దత్తపది ఇచ్చేవారు ఒకరు, అక్షరాన్ని నిషేధించేవారు ఒకరు. వీళ్ళ మధ్య అప్రస్తుత ప్రసంగం చేసేవారు మరొకరు ఉంటారు. అవధాని ధారణను చెదరగొట్టటం ఆయన పని. మిగతా ఏడుగురి ప్రశ్నలు గట్టివి కాబట్టే ఆయన చతురోక్తులకు విలువ. ప్రముఖుల క్విజ్‌లో మిగిలిన ఏడుగురూ సెలవు పెట్టి అప్రస్తుత ప్రసంగి ఒక్కడే వేదిక నడిపినట్టుంటుంది. అవధానంలో అడిగేవాడికి, చెప్పేవాడికి, వినేవాడికి ముగ్గురికీ విద్య ఉండాలి. తప్పిన అవధానికి అవమానం నిజం. ఈ ఆటలో నాలుగు జవాబులు ముందే తెరమీద ఉంటాయి, వాటిలో ఒకటి ఎలాగూ సరైనదే. రెండు రూపాలనూ ఒక గాటన కట్టి చూడటం న్యాయం కాదని మాకూ తెలుసు. అయినా ప్రశ్నకు ఉండవలసిన మర్యాద ఏమిటో పోల్చి చూస్తే తప్ప తెలియదు.

మన దేశంలో టెలివిజన్ క్విజ్ ఎప్పుడూ ఇలాగే లేదు. 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు నడిపిన ‘క్విజ్ టైమ్’లో కళాశాలల విద్యార్థులు జట్లుగా పోటీపడేవారు. ఆ బసుగారే తరువాత హిందీ కోటి ఆటకు రూపకర్త అయ్యారు. విద్యార్థి కూర్చున్న చోటుకు సామాన్యుడు, సామాన్యుడు కూర్చున్న చోటుకు తార వచ్చారు.

హిందీ కార్యక్రమం వారు 2018లో మరో మార్పు చేశారు. ‘కర్మవీర్’ అనే పేరుతో సమాజసేవ చేసినవారిని ప్రత్యేకంగా పిలవటం మొదలుపెట్టారు. ప్రకాశ్ ఆమ్టే, మందాకినీ ఆమ్టే దంపతులు ఆ కుర్చీలో కూర్చున్నారు. 2019లో సింధుతాయి సప్కాళ్ వచ్చారు. వెంట ఒక నటుడో నటో సాయంగా కూర్చునే పద్ధతి కూడా వచ్చింది. స్థానాలు తారుమారయ్యాయన్నమాట. అంతవరకు తార ఆడేది, సేవాసంస్థ తెర వెనక చెక్కు అందుకునేది. ఇప్పుడు సేవ చేసే మనిషే తెరమీదికి వచ్చాడు, తార తోడు వచ్చింది. ఈ ఒక్క మార్పుకు నిర్వాహకులను అభినందించాలి.

అలాంటి భాగాలలో ఒకటి 2020 అక్టోబరు 30న, శుక్రవారం, సోనీలో ప్రసారమైంది. కుర్చీలో ఉన్నవారు బెజవాడ విల్సన్. తోడు వచ్చినవారు ‘క్రైమ్ పెట్రోల్’ వ్యాఖ్యాతగా దేశమంతా ఎరిగిన నటుడు అనూప్ సోనీ. కరోనా కాలం కాబట్టి ప్రేక్షకుల బల్లలు ఖాళీ. ఆ ఏడాది ప్రేక్షకుల అభిప్రాయం అడిగే లైఫ్‌లైన్ తీసేసి, దాని బదులు దూరాన ఉన్న మిత్రుణ్ణి వీడియోలో పిలిచే ఏర్పాటు చేశారు. ఎప్పుడూ చప్పట్లతో నిండే ఆ మందిరం నిశ్శబ్దంగా ఉండటం ఈ భాగానికి ఒక విధంగా మేలే చేసిందని మాకనిపించింది. చప్పట్లకు అలవాటుపడ్డ చోట కొన్ని సంగతులు చెప్పటం కష్టం.

విల్సన్‌గారి గురించి మన పాఠకులకు కొంత చెప్పుకోవాలి. ఆయన 1966లో కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊళ్ళో పుట్టారు. ఇంటిపేరులో బెజవాడ ఉంది. రాష్ట్రం దాటినా ఇంటిపేరును ముందు రాసుకునే తెలుగు అలవాటు ఆయన పేరులో అలాగే నిలిచింది. పంతొమ్మిదో శతాబ్దం చివరలో జాన్ టేలర్ కంపెనీ ఆ గనులు తవ్వించటం మొదలుపెట్టినప్పటినుంచి తమిళ, తెలుగు కూలీలు తరతరాలుగా అక్కడ స్థిరపడ్డారు. బంగారం లెక్కలు, 1902లోనే శివనసముద్రంనుంచి అక్కడికి వచ్చిన విద్యుత్తు సంగతి చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డ సంగతీ దొరుకుతుంది. వేలమంది గని కార్మికుల ఇళ్ళకు ఉన్న పొడి పాయిఖానాలను ఎవరు శుభ్రం చేశారన్నది ఆ పుస్తకాల్లో అంత తేలిగ్గా దొరకదు. చేసినవారిలో విల్సన్‌గారి తండ్రి ఒకరు. పిల్లవాడికి ఆ సంగతి తెలియనివ్వకుండా తల్లిదండ్రులు చాలాకాలం దాచారని, బడిలో పిల్లలు ‘తోటి’ అని పిలుస్తుంటే ఎందుకో అర్థం కాలేదని ఆయన చెప్పుకున్నారు.

భాషా విద్యార్థులు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. తెలుగులో ‘తోటి’ అంటే గ్రామ సేవకులలో అట్టడుగున ఉన్నవాడు. తలారి, నీరటి, తోటి అని వరస. కన్నడంలో, తమిళంలో కూడా ఆ మాట పాకీపనికి అంటుకుంది. తెలుగులోనే ‘తోటి’కి సాటి అనే అర్థమూ ఉంది. తోటివాడు, తోటికోడలు, తోటి మనిషి అంటాం. రెండు మాటల వ్యుత్పత్తి ఒకటేనా వేరా అన్న చర్చలోకి ఇప్పుడు పోం. కాని ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి బడిలో ఆ పిలుపు ఏ అర్థంలో వినబడి ఉంటుంది? సాటివాడని పిలుస్తున్నారనుకున్నాడో, మరేదో అనుకున్నాడో. అనువాదంలో జారిపోయే ఇలాంటి చోట్లు బయటి తెలుగువారి జీవితాల్లో ఎన్నో ఉన్నాయి. హిందీలో నడిచే కార్యక్రమంలో దీనికి చోటు ఉండదు, అడగటం కూడా అన్యాయం. మన పత్రికల్లోనైనా రావాలి.

ఆయన 1980ల్లో ఆ పొడి పాయిఖానాలను తీసెయ్యమని గని అధికారులకు, ప్రభుత్వానికి ఉత్తరాలు రాయటంతో పని మొదలుపెట్టారు. 1993లో పార్లమెంటు పాకీపనిని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ మరుసటి ఏళ్ళలో ‘సఫాయి కర్మచారి ఆందోళన్’ ఏర్పడింది. 2003లో ఆ సంస్థ సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేసింది. 2013లో మరింత గట్టి చట్టం వచ్చింది. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది, అదే ఏడాది సంగీత విద్వాంసుడు టి.ఎం. కృష్ణకు కూడా. ఇంత చేసిన మనిషికి కార్యక్రమం ఇచ్చిన బిరుదు ‘కర్మవీర్’. హిందీలో దానికి కార్యశూరుడన్న అర్థమే ముందు తోస్తుంది, కాదనం. తెలుగు చెవికి మాత్రం కర్మ అనగానే ‘నా ఖర్మ’ వినబడుతుంది. పుట్టుకను బట్టి పని అంటగట్టటం కర్మఫలమని చెప్పిన సిద్ధాంతం మీదే జీవితమంతా పోరాడిన మనిషికి ఆ మాటతోనే శాలువా కప్పటం మాకు ఎబ్బెట్టుగా తోచింది.

ఆ రోజు 6,40,000 రూపాయలకు వచ్చిన ప్రశ్న గురించి ఇప్పుడు చెప్పాలి. 1927 డిసెంబరు 25న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్, ఆయన అనుచరులు ఏ గ్రంథం ప్రతులను తగలబెట్టారన్నది ప్రశ్న. విష్ణుపురాణం, భగవద్గీత, ఋగ్వేదం, మనుస్మృతి అన్నవి తెరమీద ఇచ్చిన నాలుగు జవాబులు. సరైనది మనుస్మృతి. మహారాష్ట్రలోని మహాడ్‌లో జరిగిన ఆ దహనం గురించి, కులవివక్షకు అంటరానితనానికి ఆ గ్రంథం సైద్ధాంతికంగా ఊతమిచ్చిందని అంబేద్కర్ దాన్ని ఖండించిన సంగతి గురించి వ్యాఖ్యాత రెండు మాటలు వివరించారు. కార్యక్రమం ముందుకు సాగింది.

తరువాత రోజుల్లో ఫిర్యాదులు మొదలయ్యాయి. లాతూరు జిల్లాకు చెందిన ఒక శాసనసభ్యుడు పోలీసులకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశారు. నాలుగు జవాబులూ హిందూ గ్రంథాలే ఎందుకయ్యాయి, అన్ని మతాల గ్రంథాలు ఎందుకు పెట్టలేదు అన్నది అందులో ముఖ్యమైన అభ్యంతరం. దీన్ని రాజకీయ నాయకులకు వదిలెయ్యకుండా, ప్రశ్నపత్రాలు తయారుచెయ్యటం వృత్తిలో భాగమైన మాలాంటివాళ్ళు కొంచెం ఆలోచించాలి. బహుళైచ్ఛిక ప్రశ్నలో సరైన జవాబు ఒకటి, తక్కిన మూడూ ఎరలు. ఎర సరైన జవాబు జాతికి చెందినదై ఉండాలన్నది ఆ విద్యలో మొదటి పాఠం. ఏ కృష్ణశాస్త్రి కావ్యమో చెప్పమని అడిగి, జవాబులలో మూడు నవలలు, ఒక కావ్యం పెడితే విద్యార్థి చదవకుండానే చెబుతాడు. నాలుగు మతాల గ్రంథాలు నాలుగు వరసల్లో పెట్టి ఉంటే ఆ ప్రశ్న విలువ వెయ్యి రూపాయలకు పడిపోయేది, వచ్చే అభ్యంతరాలు నాలుగింతలయ్యేవి. కాబట్టి ఫిర్యాదు ప్రశ్నా నిర్మాణం దృష్ట్యా నిలవదు.

ప్రశ్న నిర్దోషమని మాత్రం మేము చెప్పం. వేదం, గీత, పురాణం, స్మృతి ఇవి నాలుగు వేర్వేరు కోవలు. నిజంగా సజాతీయమైన ఎరలు కావాలంటే యాజ్ఞవల్క్యస్మృతి, పరాశరస్మృతి, నారదస్మృతి పెట్టాలి. అప్పుడు జవాబు చెప్పేవాడికి స్మృతులు అనేకమున్నాయని, వాటిలో ఒకటే దేశవ్యాప్తంగా చర్చకు గురి అయిందని తెలియాలి. తెలుగువారికి ఇది మరీ దూరపు సంగతి కాదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను పదమూడో శతాబ్దంలోనే కేతన ‘విజ్ఞానేశ్వరీయం’గా తెనిగించాడు. అలాంటి ప్రశ్న ఇంకా పై మెట్టుకు తగినది. గొడవ కూడా తగ్గేదేమో.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది ఆ మెట్టే. ఆ ఏడాది నిచ్చెనలో మొదటి ప్రశ్న వెయ్యి రూపాయలది. తరువాత రెండు వేలు, మూడు, అయిదు, పది, ఇరవై, నలభై, ఎనభై వేలు. ఆపైన 1,60,000, 3,20,000, పదకొండో ప్రశ్న 6,40,000. అందరికీ తెలిసి ఉంటుందనుకున్నది కింద, కొందరికే తెలుస్తుందనుకున్నది పైన. అంటే ఆ నిచ్చెన ఒక విధమైన పటం. దేశంలో ఎవరికి ఏమి తెలుసునని ప్రశ్నకర్తలు ఊహించారో ఆ పటంలో కనిపిస్తుంది. సినిమా పాటలు, వంటకాలు, క్రికెట్ కింది మెట్ల మీద సర్వసాధారణం. మహాడ్ దహనం పదకొండో మెట్టు మీద ఉంది. నాగపూరులోనో షోలాపూరులోనో అంబేద్కర్ జయంతులు చూస్తూ పెరిగిన పిల్లవాణ్ణి అడిగితే అది వెయ్యి రూపాయల ప్రశ్న. డిసెంబరు 25 అక్కడి వాడల్లో ఏటా జరుపుకునే రోజు. ఎవరి సామాన్య జ్ఞానం సామాన్యమైనది, ఎవరిది విశేషమైనది అన్న నిర్ణయం ఆ నిచ్చెన కట్టినవారి చేతిలో ఉంది. క్విజ్ అనే రూపం మీద మా అసలు విమర్శ ఇదే. జ్ఞానానికి వెల కట్టటం వల్ల వచ్చిన దోషం కన్నా, ఆ వెల ఎవరి తెలియనితనాన్ని బట్టి కట్టారన్నది పెద్ద దోషం.

ఆ మాటకు వస్తే, 2008 నాటి ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ సినిమా ఈ సంగతినే కథగా చేసుకుంది. అందులో మురికివాడ కుర్రవాడికి జవాబులన్నీ బతుకులోనుంచి వస్తాయి, అందుకే పోలీసులు అనుమానిస్తారు. మంచి ఊహే గాని కథకుడు ప్రతి ప్రశ్ననూ కుర్రవాడి అనుభవానికి సరిగ్గా అమర్చి పెట్టాడు. విల్సన్‌గారి ముందుకు ఆ ప్రశ్న యాదృచ్ఛికంగా వచ్చిందో, మనిషిని చూసి ఎంచి పెట్టారో నిర్వాహకులకే తెలియాలి. ఎంచి పెట్టి ఉంటే అది ఆ కార్యక్రమంలో మేము చూసిన ఒకే ఒక్క విమర్శనాత్మకమైన ఎంపిక. ఆ ప్రశ్న దగ్గర పక్కన తార ఎందుకు కూర్చోవాలో మాత్రం మాకు బోధపడలేదు. సేవ చేసేవాడికి లోకజ్ఞానం తక్కువ ఉంటుంది, సినిమావాడు పూరిస్తాడు అన్న లెక్క ఆ అమరిక వెనక ఉంది. అనూప్ సోనీగారి ప్రవర్తనలో లోపమేమీ లేదు. ఆయన చాలాసేపు వినేవాడిగా ఉండిపోయారు, ఆ పాత్రకు అదే తగింది.

దాతృత్వం మాటకు తిరిగి వద్దాం. తార ఆడితే వచ్చే సొమ్మును దానమంటాం. విల్సన్‌గారి సంస్థ మూడు దశాబ్దాలుగా అడుగుతున్నది దానం కాదు, చట్టం అమలు. ఇదే ఆ భాగంలో లోపలెక్కడో బిగుసుకుని ఉండిపోయిన సంగతి. కార్యక్రమం ఆయన్ని గౌరవించింది, ఆయన మాట దేశమంతటా వినిపించింది, పాయిఖానా గురించి రాత్రి భోజనాల వేళ మాట్లాడనిచ్చింది. ఏ విశ్వవిద్యాలయ సదస్సుకూ సాధ్యం కాని పని అది. కాని కార్యక్రమం రూపమే చెక్కు దగ్గర ముగిసేది. చెక్కు మీద సంతకం అయ్యాక ప్రశ్న కూడా ముగిసిందన్న భావన చూసేవారికి కలుగుతుంది. ఒక ఆసుపత్రి విషయంలో ఇది ఇబ్బంది కాదు, ఆసుపత్రికి డబ్బు కావాలి. భూగర్భ మురుగుకాలువలో దిగి ఊపిరాడక చనిపోయిన మనిషి విషయంలో చెక్కు అన్న మాటకే మరో అర్థముంది.

సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన వ్యాజ్యంలో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1993నుంచి మురుగుకాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి పది లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. 2020లో విల్సన్‌గారు ఆ కుర్చీలో కూర్చున్ననాడు అమలులో ఉన్న వెల అదే. ఆనాటి నిచ్చెనలో పదకొండో మెట్టు 6,40,000, పన్నెండో మెట్టు 12,50,000. మహాడ్ ప్రశ్నకు, దాని తరువాతి ప్రశ్నకు మధ్య ఎక్కడో ఆ పది లక్షలు ఉన్నాయి. 2023 అక్టోబరు 20న మరో వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది. అదే నిచ్చెన మీద చూస్తే పదమూడో మెట్టు దాటుతుంది, పద్నాలుగో మెట్టు ఇంకా ఇరవై లక్షల దూరంలో ఉంటుంది.